నైరాలో సంపాదన, రూపాయల్లో లెక్క

కదిర్కామంలో వళుదావూరు రోడ్డు పక్కన ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక చుట్టుపక్కల వీధుల్లో తెలుగు వినిపించడం మామూలైపోయింది. యానాం పుదుచ్చేరిలో భాగం. మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉన్నా, డాక్టరు చదువుకొచ్చే పిల్లలూ, వైద్యానికొచ్చే పెద్దలూ, సచివాలయంలో ఫైలు ఇరుక్కున్నవాళ్ళూ ఇక్కడే దిగుతారు. మా పై వాటాలో అద్దెకుంటున్న కుర్రాడిదీ యానామే. మేట్టుపాళయం పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూస్తాడు. ఆమధ్య వాళ్ళ మేనమామ కంటి పరీక్షకని వచ్చి కొన్నాళ్ళున్నారు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. 1970ల చివర నైజీరియా చమురు డబ్బుతో ఊరూరా బడులు తెరిచి, చెప్పేవాళ్ళు చాలక మన దేశం నుంచి టీచర్లని పిలిపించుకున్నప్పుడు వెళ్ళినవాళ్ళలో ఆయనొకరు.

ఇప్పుడు ఆ మేనల్లుడికీ నైజీరియా నుంచే, లేగోస్ నగరం నుంచి పిలుపొచ్చింది. అక్కడ స్థిరపడ్డ స్నేహితుడొకడు మాత్రల యూనిట్ పెడదామంటున్నాడు. వాటా కట్టాలంటే యానాంలో ఇల్లు తాకట్టు పెట్టాలి. ఆ ఇంటి కాగితాలు కుర్రాడి అమ్మ, మావయ్య అక్కాతమ్ముళ్ళిద్దరి పేరా ఉన్నాయి కాబట్టి మావయ్య సంతకం లేనిదే పని జరగదు. రాత్రి భోజనాలయ్యాక డాబామీద కూర్చుని ఇద్దరూ నైజీరియా డబ్బు నైరా గురించి వాదించుకున్నారు. నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టారు. అక్కడి మాటలు సాధ్యమైనంతవరకు అలాగే రాస్తున్నాను. విదేశాల్లో వ్యాపారం పెడదామనుకునే మన కుర్రాళ్ళకి ఇందులో ఆలోచించుకోవలసింది చాలా ఉంది.

అల్లుడు: మావయ్యా, నైరా పేరెత్తితే చాలు మీకు ఎనభైల్లో తిన్న దెబ్బే గుర్తొస్తుంది. ఇప్పటి లెక్క వేరండి. 2023 జూన్‌లో ప్రభుత్వం ధరకి కట్టిన తాడు వదిలేసింది. అప్పటిదాకా డాలరుకి 460 అన్నది, తొమ్మిది నెలలు తిరక్కుండా 1,500 దాటింది. పడాల్సిందంతా పడిపోయింది. 2025 అంతా చూడండి, ఇంచుమించు 1,400కీ 1,600కీ మధ్యనే తిరిగింది. ఇప్పుడు వెళ్ళినవాడికి ఇంకెంత పడుతుంది?

మాస్టారు: ఒరే, ఇది చూడు.

(చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని నోటు మా చేతికిచ్చారు. ఇరవై నైరాలు. జనరల్ ముర్తలా మహమ్మద్ బొమ్మ ఉంది. మడతల దగ్గర కాగితం పలచబడి దీపం వెలుగు కనబడుతోంది.)

మాస్టారు: ఈ ఇరవై నైరాల నోటు 1977లో వచ్చింది. నేను వెళ్ళేనాటికి వాళ్ళ దేశంలో ఇదే అన్నిటికన్నా పెద్ద నోటు. 1980లో ఒక్క నైరాకి డాలరూ ఎనభై సెంట్లు. మన రూపాయల్లో పద్నాలుగు. అంటే ఈ కాగితం విలువ అప్పట్లో రెండొందల ఎనభై రూపాయలు. ఇక్కడ నా తోటి మాస్టార్లకి అది సగం నెల జీతం. ఇవాళ ఇరవై నైరాలకి రెండు రూపాయలు కూడా రావు. పైగా ఈ నోటైతే అదీ రాదు. 1984 ఏప్రిల్‌లో సైనిక ప్రభుత్వం సరిహద్దులు మూసి, నోట్ల రంగులు మార్చేసింది. గడువులోగా మార్చుకోనివి చిత్తుకాగితాలైపోయాయి. ఇది ఒక పుస్తకంలో ఉండిపోయింది.

అల్లుడు: నేనడిగేదీ అదే. అప్పుడు పైన ఉంది కాబట్టి పడింది. ఇప్పుడు కింద ఉంది కదా?

మాస్టారు: కింద అని ఎవరు చెప్పారు? 1986 సెప్టెంబరులో బబంగిడా ప్రభుత్వం డాలర్లని వేలానికి పెట్టింది. ఏడాది తిరిగేసరికి డాలరుకి నాలుగు నైరాలు. మా స్టాఫ్ రూములో అందరం ‘ఇంతకన్నా ఏం పడుతుందిలే’ అనుకున్నాం. 1993కి ఇరవై రెండైంది. 1999కి తొంభై దాటింది. 2016లో మూడొందలు. పడిన ప్రతిసారీ ఇదే అడుగు అని చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు, నీలాగే లెక్కలొచ్చినవాళ్ళు.

అల్లుడు: మరి ఆ డాలరూ ఎనభై సెంట్ల నైరా నిజమైన బలమేనంటారా? నేను చదివినదాన్నిబట్టి అదే అసలు జబ్బు. చమురు డబ్బు వచ్చిపడుతోంది, నైరా ధర ఎత్తి పట్టుకున్నారు. బయటి సరుకు చవగ్గా వస్తుంటే లోపల ఎవడు పండిస్తాడు? 1975లో సిమెంటు కథ మీకు తెలియంది కాదు. అవసరం చూసుకోకుండా రెండు కోట్ల టన్నుల దాకా ఆర్డర్లిచ్చేశారు. లేగోస్ రేవులో నాలుగొందల పైన ఓడలు దించుకునే దిక్కులేక నెలల తరబడి నిలబడ్డాయి. ఓడల్లోనే గడ్డకట్టింది కొంత.

మాస్టారు: అది నేను వెళ్ళకముందు మాట. కానీ నిజం.

అల్లుడు: కానో వేరుశనగ బస్తాల గుట్టలు?

మాస్టారు: ఆ గుట్టల్ని నేను ఫోటోల్లోనే చూశాను. పిరమిడ్లలా పేర్చి ఫోటోలు తీసేవారట బ్రిటిష్ కాలంలో. నేను వెళ్ళేసరికి అక్కడ ఖాళీ జాగా. పామాయిల్‌కి పుట్టిల్లులాంటి దేశం వంటనూనె బయటినుంచి తెచ్చుకునేది. బియ్యం అమెరికా నుంచి వచ్చేది. పిల్లలు రొట్టె తినడం నేర్చుకున్నారు, గోధుమ పండని నేలలో. అదంతా ఒప్పుకుంటానురా. ధర ఎత్తిపెట్టిన నైరా రైతుని చంపింది.

అల్లుడు: అందుకే కిందికి దిగిన నైరా అవకాశం అంటున్నాను. దిగుమతి ఖరీదైతే అక్కడే తయారుచేసేవాడికి చోటు దొరుకుతుంది. అదే సిమెంటు ఇప్పుడు వాళ్ళు బయటికి అమ్ముతున్నారు. లెక్కీలో డాంగోటే రిఫైనరీ చూడండి. రోజుకి ఆరున్నర లక్షల పీపాలు. ఒకే చోట అంత చమురు శుద్ధిచేసే కర్మాగారం ఆఫ్రికాలో ఇంకోటి లేదు. దాని కట్టుబడి పర్యవేక్షణ మన ప్రభుత్వ సంస్థ ఇంజనీర్స్ ఇండియాదే. మనవాళ్ళు వేలమంది పనిచేసి వచ్చారక్కడ. 2024 సెప్టెంబరులో పెట్రోలు తియ్యడం కూడా మొదలుపెట్టింది. చమురు బావులుండి పెట్రోలు కొనుక్కునే దేశమని నవ్వినవాళ్ళకి జవాబు కాదా అది?

మాస్టారు: జవాబే. కానీ అది రెండు వేల కోట్ల డాలర్ల జవాబు. నీ జవాబు యానాంలో ఒక పెంకుటిల్లు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తరవాత కుర్రాడు ఫోను తీశాడు. అతనికి కోపమొస్తే లెక్కలు వేస్తాడని నాకు ముందే తెలుసు.

అల్లుడు: సరే, ఫ్యాక్టరీ వదిలేద్దాం. డబ్బు మాట చూద్దాం. 2024లో వాళ్ళ ఏడాది ట్రెజరీ బిల్లుకి ఇరవై శాతం పైన వడ్డీ ఇచ్చారు. వాళ్ళ కేంద్రబ్యాంకు రేటే 27.5 శాతానికి వెళ్ళింది. ఇక్కడ మన బ్యాంకు ఏడు ఇస్తే గొప్ప.

మాస్టారు: ఆ ఫోనుతోనే నేను చెప్పేది కొట్టు. 2023 మేలో లక్ష రూపాయలు తీసుకెళ్ళి అక్కడ వేశావనుకో. రూపాయికి ఎంతొచ్చేది?

అల్లుడు: డాలరుకి 460, ఇక్కడ 82న్నర... అయిదు నైరాల అరవై.

మాస్టారు: లక్షకి అయిదు లక్షల అరవై వేలు. నువ్వన్న ఇరవై శాతం కలుపు.

అల్లుడు: ఆరు లక్షల డెబ్భై రెండు వేలు.

మాస్టారు: మరుసటేడు వెనక్కి తెచ్చుకున్నావు. అప్పటికి రూపాయికి పద్దెనిమిది నైరాలు.

అల్లుడు: (కొంచెం ఆగి) ముప్పై ఏడు వేలు.

మాస్టారు: వడ్డీ ఇరవై వచ్చింది. అసలు మూడోవంతుకి తగ్గింది. వడ్డీ ఎక్కువిస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడో ముందు అడగాలి. 2024 డిసెంబరులో వాళ్ళ ధరల పెరుగుదల దాదాపు 35 శాతం. ఇరవై ఇచ్చి ముప్పై అయిదు తినేస్తుంటే అది వడ్డీ ఎలా అవుతుంది?

అల్లుడు: మీరు సరిగ్గా పడే ముందు రోజుని ఎంచుకున్నారు. అదే మనిషి 2024 మార్చిలో, పడ్డాక వెళ్ళి ఉంటే? నైరా నిలబడింది, వడ్డీ మిగిలింది. ఆ ఏడాది తరవాత వేసిన విదేశీ డబ్బు లాభపడింది. లెక్క రెండు వైపులా చెప్పాలి కదా.

మాస్టారు: చెప్పాలి. చెప్పావు. కానీ ఆ లాభం తీసుకున్నవాళ్ళు లండన్లో కూర్చుని పొద్దున్న వేసి సాయంత్రం తీసేయగలిగినవాళ్ళు. నువ్వు ఇల్లు తాకట్టు పెట్టి మిషన్లు కొంటే సాయంత్రం తియ్యగలవా?

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. డబ్బు బలం అంటే మనకి వెంటనే తోచేది ఒక నైరాకి ఎన్ని రూపాయలు అన్న లెక్క. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏదీ తేలదు. జపాను యెన్‌కి రూపాయి కూడా రాదు, అంతమాత్రాన జపాను పేదదైపోలేదు. చూడవలసినవి రెండు. ఆ ధర ఎటు కదులుతోంది అన్నది ఒకటి. మనకి కావలసినప్పుడు, చెప్పిన ధరకి, డాలర్లు చేతికి అందుతాయా అన్నది రెండోది. నైజీరియాలో ఎక్కువమందిని దెబ్బకొట్టింది ఈ రెండోదే. 2023 జూన్ నాటికి అక్కడ టిక్కెట్లమ్మిన విమాన సంస్థల డబ్బు ఎనభై కోట్ల డాలర్ల పైన చిక్కుకుపోయింది. నైరాల్లో లాభం చేతిలో ఉంది, దేశం దాటించడానికి డాలర్లు లేవు. ఎమిరేట్స్ 2022లో విమానాలే ఆపేసి, మళ్ళీ 2024 అక్టోబరులో గాని మొదలుపెట్టలేదు. మాస్టారు ఎనభైల్లో అనుభవించిందీ ఇదే.

మాస్టారు: నాకు నెలకి నాలుగొందల నైరాల చిల్లర. రూపాయల్లో అయిదువేల పైమాట. మా అక్కయ్యకి, అదే వీళ్ళమ్మకి, ఆ పెంకుటింటికి రెండో వాటా వేయించింది ఆ డబ్బే. కానీ జీతంలో కొంతే పంపనిచ్చేవారు, అదీ కాయితం పెట్టుకుని వరసలో ఉండాలి. 1983 నుంచి చమురు ధర జారింది. నేను పనిచేసిన రాష్ట్రంలో జీతాలే నెలల తరబడి ఆగిపోయాయి. వచ్చిన జీతం పంపడానికి అనుమతి ఇంకో ఏడాది. ఆ అనుమతి వచ్చేసరికి నైరా పడిపోయింది. కష్టపడింది పద్నాలుగు రూపాయల నైరాకి, చేతికొచ్చింది నాలుగు రూపాయల నైరాకి. ఎవరినీ తిట్టను. ఆ పిల్లలు బంగారం. కానీ ఆ గడువులో పోయిన డబ్బు ఎవరి లెక్కలోనూ కనపడదు.

అల్లుడు: మీది జీతం మావయ్యా. మీ చేతిలో ఏదీ లేదు. వ్యాపారం అలా కాదు. టోలారం వాళ్ళని చూడండి. మన సింధీ మూలాలున్న సింగపూర్ కుటుంబం. 1988లో ఇండోమీ నూడుల్స్ దిగుమతి చేసి మొదలుపెట్టారు. నూడుల్స్ అంటే ఏమిటో తెలియని దేశంలో. 1995లో అక్కడే ఫ్యాక్టరీ పెట్టారు. పిండి, నూనె, అట్టపెట్టె అన్నీ ఒక్కొక్కటిగా అక్కడే చేసుకున్నారు. ఇప్పుడు లెక్కీ లోతు రేవులో భాగస్వాములు. నైరా పడిన ఏడాదిలో డియాజియో వాళ్ళు గిన్నిస్ నైజీరియాని వదిలించుకుంటే 2024లో కొన్నది వీళ్ళే. వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతున్నప్పుడే ఉన్నవాళ్ళకి చోటు.

మాస్టారు: వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా చెప్పు.

అల్లుడు: గ్లాక్సో. 2023 ఆగస్టులో. ప్రోక్టర్ అండ్ గాంబుల్ ఆ డిసెంబరులో తయారీ ఆపేస్తున్నామంది. మన భారతీ వాళ్ళ ఎయిర్‌టెల్ ఆఫ్రికా ఆ ఏడాది నైరావల్ల నష్టం చూపించింది. ఎంటీఎన్ నైజీరియాకి మారకంలోనే 74 వేల కోట్ల నైరాల దెబ్బ. అయినా ఎయిర్‌టెల్, ఎంటీఎన్ రెండూ అక్కడే ఉన్నాయి కదా? ఎందుకుంటాయి? ఇరవై రెండు కోట్ల మంది జనం. అందులో సగానికి పైగా కుర్రాళ్ళు. గ్లాక్సో పోయాక ఉబ్బసం పంపు ధర కొన్ని రెట్లు పెరిగింది అక్కడ. కొనలేక మానేసినవాళ్ళున్నారు. మేం ఇక్కడ తయారుచేసేవే ఆ మందులు. నేను డబ్బు కోసమే వెళ్తున్నాననుకోకండి. అవి అక్కడ చవగ్గా తయారవ్వాలి. ఎవరో ఒకరు చెయ్యాలి.

(ఈ మాట అన్నప్పుడు అతని గొంతు మారింది. మాస్టారు కూడా గమనించారు.)

మాస్టారు: అది మంచి మాట. ఆ మాట దగ్గరే కూర్చుందాం. ఎలా చేస్తావో చెప్పు. మాత్రకి కావలసిన అసలు మందు ఎక్కడిది?

అల్లుడు: హైదరాబాదు, విశాఖల నుంచి. కొంత చైనా.

మాస్టారు: డాలర్లలో కొంటావు.

అల్లుడు: అవును. కానీ 2024 జూన్‌లో వాళ్ళ అధ్యక్షుడు తినుబు ఉత్తర్వు ఇచ్చాడు. మందుల ముడిసరుకుకీ, యంత్రాలకీ సుంకం, వ్యాట్ తీసేశాడు. తయారైన మాత్ర తెస్తే వాళ్ళ మందుల నియంత్రణ సంస్థ నాఫ్‌డాక్ పరీక్ష ఇక్కడ ఓడ ఎక్కకముందే చేయించుకోవాలి. అక్కడే చేస్తే ఆ గొడవ తగ్గుతుంది.

మాస్టారు: మిషను ఏ కరెంటుతో తిరుగుతుంది?

అల్లుడు: జెనరేటరు.

మాస్టారు: డీజిలు. ఆ దేశపు గ్రిడ్డు అంతా కలిపి నాలుగైదు వేల మెగావాట్లు ఇస్తోంది. మన తెలంగాణ ఒక్కటే వేసవిలో పదిహేను వేలు దాటేస్తోంది. 2024లో గ్రిడ్డు ఎన్నిసార్లు కుప్పకూలిందో పేపర్లో నువ్వే చూపించావు నాకు. సరే, డీజిలు పోశావు, మాత్ర తయారైంది. ఎవరికి అమ్ముతావు?

అల్లుడు: ఇడుమోటా, ఒనిత్షా టోకు వర్తకులకి. అక్కడినుంచే దేశమంతా వెళ్తుంది. దొంగ మందులున్నాయని 2025 ఫిబ్రవరిలో నాఫ్‌డాక్ ఆ బజార్లని మూయించి సోదా చేసింది. అది మాకు మేలే. సరైన కాగితాలున్నవాడికి పోటీ తగ్గుతుంది.

మాస్టారు: నగదుకా, అరువుకా?

అల్లుడు: అరువే. అరవై రోజులు, తొంభై రోజులు. మన దగ్గర మాత్రం టోకు వర్తకుడు నగదిస్తాడా?

మాస్టారు: ఇదుగో, ఇక్కడ పట్టుకున్నాను నిన్ను. ముడిసరుకు డాలర్లలో ముందు కట్టావు. మాత్ర నైరాల్లో అరువిచ్చావు. మధ్యలో తొంభై రోజులు. 2024లో జనవరికీ ఫిబ్రవరికీ మధ్య ఆ తొంభై రోజులు కూడా అక్కర్లేదు, నెలలోనే మూడోవంతు పోయింది. నువ్వు అమ్మిన సరుకుకి పూర్తి డబ్బు వసూలైనా, ఆ డబ్బుతో మళ్ళీ అంత ముడిసరుకు రాదు. ఎవడూ మోసం చెయ్యలేదు, ఎవడూ ఎగ్గొట్టలేదు, నువ్వు మాత్రం మునిగావు. ఇది వ్యాపారం చేతకాక కాదు. కొన్న డబ్బు ఒకటి, అమ్మిన డబ్బు ఇంకొకటి.

అల్లుడు జవాబు చెప్పకుండా ఫోను తిప్పుతూ కూర్చున్నాడు. అప్పుడు నేను చీరాల సంగతి ఎత్తాను. ఈ వాదం నాకు కొత్త కాదు. మా పెద్దవాళ్ళు చీరాల నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ మగ్గాలమీద ఒకప్పుడు గళ్ళ రుమాళ్ళు నేసేవారు. రుమాలంటే జేబురుమాలు కాదు. గజం చదరపు రుమాళ్ళు ఎనిమిది కలిసి ఒక తాను. పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. మద్రాసులో ఓడ ఎక్కేది కాబట్టి ఆ పేరు. కట్టుకునేది మాత్రం నైజీరియాలో. నైజరు నది డెల్టాలో కలబారీ వాళ్ళు దాన్ని ఇంజిరి అంటారు. పుట్టిన బిడ్డని చుట్టడానికీ, పెళ్ళికీ, చనిపోయినవాళ్ళ మంచం అలంకరించడానికీ అదే గుడ్డ. వాళ్ళ ఆడవాళ్ళు మన గళ్ళలో కొన్ని దారాలు బ్లేడుతో కోసి లాగేసి, ఆ ఖాళీల్లో తమదైన కొత్త డిజైను తెచ్చుకుంటారు. నేసిన చెయ్యి తెలుగుది, కోసిన చెయ్యి కలబారీది. రెండు చేతులూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు.

నైరా బాగున్న రోజుల్లో చీరాలలో ఆ రుమాళ్ళ మగ్గానికి మంచి కూలి. తరవాత జౌళి దిగుమతులమీద ఆంక్షలు, ఆ పైన 1986 పతనం. నేతగాడికి నైరా అంటే ఏమిటో తెలియదు. మాస్టర్ వీవరు నూలు ఇవ్వడం తగ్గించాడు, అంతే. ఎందుకు తగ్గించాడో చెప్పినవాడు లేడు. లేగోస్‌లో డాలరు దొరక్కపోతే చీరాలలో గుంటమగ్గం ఆగింది. దీన్ని నేను చిన్నతనం నుంచి విన్నాను కాబట్టే నైరా సంగతి నాకు దూరదేశపు వార్తలా అనిపించదు.

మాస్టారు: చూశావా.

అల్లుడు: చూశాను. కానీ అదే కథ నా వైపు కూడా చెప్తోంది మావయ్యా. ఆ గుడ్డని వాళ్ళు వదల్లేదు. ధర పెరిగినా, నిషేధం ఉన్నా కావాలన్నారు. గిరాకీ పోలేదు, డబ్బు మార్గం తెగింది. మార్గం చూసుకున్నవాడు ఉన్నాడు. కాకినాడ చూడండి, యానాం పక్కనే. మన ఉప్పుడు బియ్యం అక్కడినుంచి బెనిన్‌లో కొటోనౌ రేవుకి వెళ్తుంది. బెనిన్ జనాభా తినేదానికన్నా ఎన్నో రెట్లు. మిగిలింది ఎక్కడికి పోతుంది? సరిహద్దు దాటి నైజీరియాకే. 2019 ఆగస్టు నుంచి ఏడాది పైన సరిహద్దు మూసినా ఆగలేదు.

మాస్టారు: ఆ బియ్యం షావుకారు నైరా ముట్టుకుంటాడా?

అల్లుడు: లేదు. డాలర్లు.

మాస్టారు: అదిరా. నైరా పడితే నష్టం సరిహద్దు దగ్గర వాడిది. కాకినాడ వాడిది కాదు. కాకినాడవాడికి కష్టం మన ఢిల్లీనుంచే వచ్చింది. 2023 జులైలో తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యంమీద ఇరవై శాతం సుంకం వేశారు. బెనిన్ వాడి డబ్బు చూడు. ఫ్రాంకు. యూరోకి 655.957 అని 1999 నుంచి కదలకుండా కట్టేశారు. పక్కన నైరా ఎన్ని పల్టీలు కొట్టినా అది కదలదు. అయినా ఆ గట్టి ఫ్రాంకు వాడు బతికేది ఎవరికి అమ్మి? మెత్తటి నైరా వాడికి. నైరా పడిన ఏడాది కొటోనౌ బజారు వెలవెలబోతుంది. నాణెం గట్టిదైనంత మాత్రాన బేరం గట్టిది కాదు.

అల్లుడు: ఈ ఊళ్ళో ఫ్రెంచి పెన్షను తీసుకునే తాతలు రోజూ యూరో ధర చూసుకున్నట్టు, కొటోనౌ షావుకారు నైరా ధర చూసుకుంటాడన్నమాట.

మాస్టారు: ఇంకా వెనక్కి పోతే ఈ పుదుచ్చేరి గుడ్డే పశ్చిమ ఆఫ్రికాలో డబ్బు. నీలిమందు అద్దిన గినీ గుడ్డ. ఫ్రెంచివాళ్ళు ఇక్కడినుంచి సెనెగల్ నదికి తీసుకెళ్ళి తుమ్మబంకకి మార్చుకునేవారు. తాను ఇంత అంటే ఇంత బంక. నాణెంలాగే చెల్లేది. ఇక్కడ సవనా మిల్లు పెట్టాక మిల్లు గుడ్డ కూడా వెళ్ళింది. 1830ల చివర గుడ్డ మరీ ఎక్కువగా దిగి, దాని విలువ పడిపోయి, అక్కడి సెయింట్ లూయీ రేవు దళారులు అప్పుల్లో కూరుకుపోయారు. బంక కొనడానికి డబ్బనుకుని తానులు దాచుకున్నవాడు నిండా మునిగాడు. కట్టుకోడానికి కొన్నవాడికి మాత్రం ఏ నష్టమూ లేదు.

ఈ చివరి మాట దగ్గర కుర్రాడు తలెత్తాడు. వాదం అక్కడ మలుపు తిరిగింది. మాస్టారి భయాన్ని అతను పెద్దతనం కింద కొట్టిపారేస్తూ వచ్చాడుగాని, ఆయన అసలు చెప్పదలుచుకున్నది అప్పటికి అందింది. నాకు కూడా.

అల్లుడు: అంటే మీరు వెళ్ళొద్దనడం లేదు.

మాస్టారు: వెళ్ళు. దేనికి వెళ్తున్నావో తేల్చుకో. అక్కడ సంపాదించి ఇక్కడ రూపాయల్లో లెక్క చూసుకోడానికి వెళ్తే నేను చేసిన పనే నువ్వూ చేస్తావు. టోలారం వాళ్ళ కథ నువ్వే చెప్పావు. వాళ్ళు ముప్పై ఏళ్ళు ఉన్నారు. నైరాల్లో సంపాదించి నైరాల్లోనే ఖర్చుపెట్టి అక్కడే నాటారు. పడినప్పుడు వాళ్ళ ఖర్చూ పడింది. నువ్వు నెలనెలా యానాం బ్యాంకుకి తాకట్టు వాయిదా రూపాయల్లో పంపాలి. నైరా పడిన ప్రతిసారీ ఆ వాయిదా పెరుగుతుంది నీకు. ఇల్లు రూపాయల్లో తాకట్టు పెట్టి నైరాల్లో వ్యాపారం చెయ్యకు. అదొక్కటే నా అభ్యంతరం. నా సంతకం పెట్టను.

అల్లుడు: తాకట్టు లేకుండా వాటా ఎలా?

మాస్టారు: వాటా ఇప్పుడే ఎందుకు? మీ కంపెనీ ఇక్కడ చేసే మాత్రలున్నాయి. ముందు వాటికి అక్కడ నాఫ్‌డాక్ నమోదు చేయించు. ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఆ నమోదు ఎవరి పేరన ఉంటే బేరం వాళ్ళది. సరుకు డాలర్ల అడ్వాన్సుమీదో, బ్యాంకు గ్యారంటీ మీదో పంపించు. తక్కువ అమ్ముడవుతుంది. అవనీ. ఏ మందు కావాలో, ఏ ఊళ్ళో కావాలో, ఎవడు గడువుకి కడతాడో అప్పుడు తెలుస్తుంది. ఫ్యాక్టరీ తరవాత.

అల్లుడు: అలా చూస్తూ కూర్చుంటే చోటు ఇంకొకడు తీసుకుంటాడు. నైరా నిలబడిందని తెలిశాక అందరూ వస్తారు. అప్పుడు స్థలం ధర, జీతాలు అన్నీ పెరుగుతాయి. ధైర్యానికి కూడా ఒక విలువ ఉంటుందండి.

మాస్టారు: ఉంటుంది. నీ ధైర్యం నీది. ఇల్లు మీ అమ్మది.

ఈ మాటకి అతను ఎదురు చెప్పలేదు. నిజానికి ఈ వాదంలో ఎవరు గెలిచారో నేను చెప్పలేను. నైజీరియాలో వచ్చే పదేళ్ళలో మందుల ఫ్యాక్టరీలు వస్తాయని, వాటిని పెట్టినవాళ్ళలో మనవాళ్ళుంటారని కుర్రాడు అంటున్నది నేను నమ్ముతాను. అక్కడ అంత జనం ఉన్నారు, మందు కావాలి, చేసే తెలివి మన దగ్గరుంది. అయితే మొదటి దెబ్బకే పడిపోనివాడు ఎవడన్నది మాస్టారి ప్రశ్న. ఆ ప్రశ్నకి కుర్రాడి దగ్గర ఇంకా జవాబు లేదు. రూపాయి అప్పు మీద నైరా వ్యాపారం కట్టకూడదన్న మాట మాత్రం లేగోస్‌కే కాదు, బయటికి వెళ్ళే మనవాళ్ళందరికీ గట్టిగా చెప్పవలసింది.

మర్నాడు పొద్దున్న కుర్రాడు లేగోస్ స్నేహితుడికి ఫోను చేసి మూడు ప్రశ్నలు అడిగాడు. ముడిసరుకుకి డాలర్లు ఎక్కడ దొరుకుతున్నాయి, బ్యాంకులోనా బయటా, ఎన్ని రోజులకి. టోకు వర్తకుడు నిజంగా ఎన్నో రోజుకి కడుతున్నాడు. గత ఏడాది డీజిలుకి నెలకి ఎంతయింది. మొదటిదానికి వెంటనే జవాబొచ్చింది. రెండోదానికి స్నేహితుడు ‘కనుక్కుని చెప్తాను’ అన్నాడు. ఆ మాట స్పీకర్లో మాస్టారు కూడా విన్నారు.

అల్లుడు: మూడు నెలలు సెలవు పెట్టి చూసొస్తాను మావయ్యా. టిక్కెట్టు నా పీఎఫ్‌లోంచి. ఇల్లు ముట్టుకోను.

మాస్టారు: ఎల్లో ఫీవర్ టీకా చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, లేకపోతే కార్డు చెల్లదు. ముందు అది చూడు.